రీఫర్బిష్డ్ ఆఫీసు డెస్క్‌టాప్ కొనడం, అప్‌గ్రేడ్ చేయడం: తరచుగా అడిగే ప్రశ్నలు

ఆఫీసుల్లో కొన్నేళ్లు వాడి తీసేసిన డెస్క్‌టాప్ కంప్యూటర్లను శుభ్రం చేసి, పరీక్షించి, కొత్తవాటికంటే చాలా తక్కువ ధరకు మళ్లీ అమ్ముతుంటారు. చదువుకొనే పిల్లలకు, ఇంటి నుంచి పనిచేసేవారికి, దుకాణం లెక్కలు చూసుకొనేవారికి ఇవి చక్కగా సరిపోతాయి. వీటిని కొన్నవారూ కొనాలనుకొంటున్నవారూ నన్ను అడుగుతూ వచ్చిన ప్రశ్నలకు జవాబులు ఇక్కడ రాశాను. జవాబులన్నింటిలోనూ మీకు ఒకే సూత్రం కనిపిస్తుంది: తర్వాత మార్చుకోవడానికి వీలుకాని భాగాలను చూసి కంప్యూటర్‌ను ఎంచుకోవాలి. మార్చుకోగలిగిన భాగాలు తక్కువ రకంవి ఉన్నా ఫరవాలేదు.

బాగా పనిచేస్తున్న కంప్యూటర్లను ఆఫీసులు ఎందుకు అమ్మేస్తాయి?

పెద్ద సంస్థలు కంప్యూటర్లను వందల సంఖ్యలో ఒకేసారి కొంటాయి లేదా లీజుకు తీసుకొంటాయి. లీజు గడువో తయారీదారు ఇచ్చిన వారంటీయో ముగిసిన తర్వాత ఒక్కోదాన్ని విడిగా మరమ్మతు చేయించుకోవడం కంటే అన్నింటినీ ఒకేసారి మార్చేయడమే వాటికి సులువు. అందువల్ల బయటికి వచ్చే కంప్యూటర్లలో చాలావాటికి ఏ లోపమూ ఉండదు. పైగా డెల్ ఆప్టిప్లెక్స్, హెచ్‌పీ ఎలైట్‌డెస్క్, లెనోవో థింక్‌సెంటర్ వంటి ఆఫీసు శ్రేణులను త్వరగా విప్పి బాగుచేయడానికి వీలుగా తయారుచేస్తారు. ప్రతి మోడల్‌కూ సర్వీస్ మాన్యువల్ ఉచితంగా దొరుకుతుంది, ఒకే మోడల్ లెక్కకు మించి అమ్ముడైనందువల్ల విడిభాగాలకూ కొరత ఉండదు.

రీఫర్బిష్డ్ అన్నా సెకండ్‌హ్యాండ్ అన్నా ఒకటేనా?

కాదు. సెకండ్‌హ్యాండ్ అంటే ఉన్నది ఉన్నట్టుగా చేతులు మారినది. రీఫర్బిష్డ్ అంటే ఎవరో ఒకరు దాన్ని తెరిచి, శుభ్రం చేసి, పాడైన భాగాన్ని మార్చి, పరీక్షించి, కొంతకాలం హామీతో అమ్ముతున్నదని అర్థం. ఆ పని నిజంగా చేశారా లేదా అన్నది మాత్రం ఆ పేరును బట్టి తెలియదు. ఏ గ్రేడు, బీ గ్రేడు అనే మాటలకు కూడా అందరికీ వర్తించే ప్రమాణం ఏదీ లేదు, ప్రతి అమ్మకందారూ తన నిర్వచనం తానే రాసుకొంటాడు. పైగా గ్రేడు సాధారణంగా పైకి కనిపించే గీతలకు, సొట్టలకు సంబంధించినది. బల్ల కింద ఉండే పెట్టెపై నాలుగు గీతలుంటే నష్టం లేదు కాబట్టి, గ్రేడు కోసం ఎక్కువ చెల్లించే బదులు హామీ కాలం ఎక్కువగా ఉన్నదాన్ని తీసుకోవడం మంచిదని నా అభిప్రాయం.

ఏ జనరేషన్ ప్రాసెసర్ ఉన్నది తీసుకోవాలి?

ఇంటెల్ ప్రాసెసర్ అయితే ఎనిమిదో జనరేషన్ లేదా ఆ తర్వాతిది తీసుకోవాలి. కొనుగోలులో అన్నింటికంటే ముఖ్యమైన నిర్ణయం ఇదే కనుక కారణాలు కాస్త వివరంగా చెబుతాను.

మొదటి కారణం కోర్ల సంఖ్య, అంటే ప్రాసెసర్ లోపల ఒకేసారి పనిచేసే విభాగాల సంఖ్య. రెండో జనరేషన్ నుంచి ఏడో జనరేషన్ దాకా డెస్క్‌టాప్ ఐ5 అంటే దాదాపు ఎప్పుడూ నాలుగు కోర్లే. 2017 చివర్లో వచ్చిన ఎనిమిదో జనరేషన్‌లో అది ఆరు కోర్లకు పెరిగింది. ఐ5-7500లో నాలుగు కోర్లు, ఐ5-8500లో ఆరు కోర్లు, రెండూ 65 వాట్ల ప్రాసెసర్లే. బ్రౌజర్‌లో ఇరవై ట్యాబ్‌లు తెరిచి, పక్కన వీడియో కాల్ నడుస్తుండగా స్ప్రెడ్‌షీట్ తెరిచినప్పుడు ఆ రెండు అదనపు కోర్ల విలువ తెలుస్తుంది. రెండో కారణం విండోస్ 11. మైక్రోసాఫ్ట్ అధికారికంగా మద్దతిచ్చే ఇంటెల్ ప్రాసెసర్ల జాబితా, ఒకటి రెండు మినహాయింపులు తప్ప, ఎనిమిదో జనరేషన్‌తోనే మొదలవుతుంది. మూడోది, ఈ జనరేషన్ ఆఫీసు కంప్యూటర్లు డీడీఆర్4 ర్యామ్‌నే వాడతాయి, చాలావాటిలో ఎన్‌వీఎంఈ డిస్కుకు, అంటే తిరిగే భాగాలు లేని వేగవంతమైన ఎస్‌ఎస్‌డీకి, స్లాటు కూడా ఉంటుంది.

ఆప్టిప్లెక్స్‌లో 3060, 5060, 7060 మోడళ్లు, ఎలైట్‌డెస్క్‌లో 800 జీ4, థింక్‌సెంటర్‌లో ఎం720, ఎం920 ఈ కాలానివే. ప్రాసెసర్ పేరులో గీత తర్వాతి అంకెలను చూస్తే జనరేషన్ తెలిసిపోతుంది: ఐ5-6500 ఆరోది, ఐ5-8500 ఎనిమిదోది, ఐ5-10500 పదోది.

ప్రకటనలో "ఐ7" అని ఉంది, ధర కూడా తక్కువే. ఐ5 కంటే అదే మేలు కదా?

జనరేషన్ తెలియకుండా ఐ5, ఐ7 అనే మాటలకు విలువ లేదు. 2013లో వచ్చిన ఐ7-4770లో నాలుగు కోర్లు, ఎనిమిది థ్రెడ్లు (ఒకేసారి నడపగలిగే పనుల వరుసలు) ఉంటాయి. 2018లో వచ్చిన ఐ5-8500లో ఆరు కోర్లు, ఆరు థ్రెడ్లు. రోజువారీ పనుల్లో రెండోదే వేగంగా ఉంటుంది, పైగా మొదటిది పాత డీడీఆర్3 ర్యామ్‌కు మిమ్మల్ని కట్టిపడేస్తుంది. ప్రకటనలో "ఐ7, 16 జీబీ, 1 టీబీ" అని రాసి ప్రాసెసర్ పూర్తి నంబరు ఇవ్వలేదంటే, అది పాత జనరేషన్ కావడానికే ఎక్కువ అవకాశం ఉంది. పూర్తి నంబరు అడగండి, చెప్పకపోతే అక్కడ కొనవద్దు.

ఏడో జనరేషన్ దానిలోనూ విండోస్ 11 నడుస్తోందని చూపిస్తున్నారు. మరి ఇబ్బంది ఏమిటి?

విండోస్ 10కు మద్దతు 2025 అక్టోబరు 14న ముగిసింది. వ్యక్తిగత వాడుకదారులకు ఇచ్చిన అదనపు భద్రతా అప్‌డేట్ల గడువు కూడా 2026 అక్టోబరు 13 వరకే. అందుకని కొందరు అమ్మకందారులు పాత కంప్యూటర్లలో తనిఖీలను తప్పించి విండోస్ 11 ఇన్‌స్టాల్ చేసి ఇస్తున్నారు. అది నడుస్తుంది, నిజమే. కానీ మద్దతు లేని కంప్యూటర్‌కు అప్‌డేట్లు అందుతాయన్న హామీ ఉండదని మైక్రోసాఫ్ట్ స్పష్టంగా చెబుతోంది, ఏటా వచ్చే పెద్ద అప్‌డేట్‌ను మీరే మళ్లీ అదే పద్ధతిలో ఎక్కించుకోవాల్సి రావచ్చు. కంప్యూటర్ గురించి ఏమీ తెలియని పెద్దవారి కోసమో పిల్లల కోసమో కొంటున్నప్పుడు ఈ భారం నెత్తిన వేసుకోకండి. మీరు లినక్స్ వాడేవారైతే మాత్రం ఆరో, ఏడో జనరేషన్ కంప్యూటర్లు చవకగా దొరకడం మీకు కలిసివచ్చే విషయమే.

విండోస్ 11కు టీపీఎం 2.0 (రహస్య కీలను దాచే భద్రతా ఏర్పాటు), సెక్యూర్ బూట్ (నమ్మదగిన సాఫ్ట్‌వేర్‌తోనే కంప్యూటర్ మొదలయ్యేలా చూసే ఏర్పాటు) కూడా కావాలి. ఎనిమిదో జనరేషన్ ఆఫీసు కంప్యూటర్లలో ఇవి మామూలుగా ఉంటాయి, బయోస్‌లో, అంటే విండోస్‌కంటే ముందు నడిచే మదర్‌బోర్డు అమరికల ప్రోగ్రాంలో, ఆపివేసి ఉంటే తిరిగి ఆన్ చేస్తే చాలు.

టవర్, స్మాల్ ఫార్మ్ ఫ్యాక్టర్, మినీ: ఏ సైజు క్యాబినెట్ తీసుకోవాలి?

ఒకే మోడల్ నంబరుతో మూడు సైజులూ అమ్ముతారు, వాటి భవిష్యత్తు మాత్రం వేర్వేరు. టవర్‌లో పూర్తి ఎత్తు కార్డులు పడతాయి, ఎస్‌ఎంపీఎస్ (లోపలి భాగాలకు కరెంటు ఇచ్చే పెట్టె) కాస్త పెద్దది, డిస్కులకు చోటు ఎక్కువ. స్మాల్ ఫార్మ్ ఫ్యాక్టర్‌లో, అంటే ఎస్‌ఎఫ్‌ఎఫ్‌లో, సగం ఎత్తు కార్డులు మాత్రమే పడతాయి. మినీ లేదా మైక్రో అనేది మందపాటి పుస్తకమంత ఉంటుంది, లాప్‌టాప్ ర్యామ్ వాడుతుంది, బయటి ఛార్జర్ లాంటి అడాప్టర్‌తో నడుస్తుంది. దానిలో చాలాసార్లు ఐ5-8500టీ వంటి 35 వాట్ల ప్రాసెసర్ ఉంటుంది, గ్రాఫిక్స్ కార్డుకు చోటే ఉండదు.

క్యాబినెట్‌ను తర్వాత మార్చుకోవచ్చులే అనుకోవద్దు. ఆఫీసు కంప్యూటర్ల మదర్‌బోర్డు ఆకారం, దాని స్క్రూ రంధ్రాలు, పవర్ బటన్ తీగల అమరిక తయారీదారు సొంతవి. బజారులో దొరికే మామూలు క్యాబినెట్‌లో అవి కుదరవు. గ్రాఫిక్స్ కార్డు పెట్టే ఆలోచన ఏ మూలన ఉన్నా టవరే కొనండి. ఆ ఆలోచన లేనివారికి ఎస్‌ఎఫ్‌ఎఫ్ సరైన మధ్యేమార్గం. టీవీ వెనుకో మానిటర్ వెనుకో బిగించి మరిచిపోవాలనుకొంటే మినీ బాగుంటుంది.

డబ్బు చెల్లించేముందు అమ్మకందారును ఏమేం అడగాలి?

ప్రాసెసర్ పూర్తి నంబరు, క్యాబినెట్ సైజు, ర్యామ్ ఒకే ముక్కా రెండు ముక్కలా, డిస్కు రకం, బయోస్‌కు పాస్‌వర్డ్ ఉందా, హామీ ఎన్ని నెలలు, పాడైతే తిరిగి పంపే ఖర్చు ఎవరిది అన్నవి అడగాలి. మినీ అయితే అడాప్టర్ అసలుదేనా అని ప్రత్యేకంగా అడగాలి. తక్కువ వాట్ల అడాప్టర్ ఇస్తే కొన్ని మోడళ్లు హెచ్చరిక చూపించి, ప్రాసెసర్ వేగాన్ని తగ్గించేస్తాయి. వీలైతే వెనుక భాగం ఫొటో కూడా తెప్పించుకోండి. పోర్టులు, వాటి తుప్పు, విరిగిన మూతలు అన్నీ అందులో కనిపిస్తాయి. డెల్ వాటికి ఏడు అక్షరాల సర్వీస్ ట్యాగ్ ఉంటుంది, దాన్ని సంస్థ వెబ్‌సైట్‌లో ఇస్తే ఆ కంప్యూటర్ ఫ్యాక్టరీ నుంచి ఏ భాగాలతో వచ్చిందో తెలుస్తుంది.

బయోస్ పాస్‌వర్డ్ గురించి అంత పట్టింపు ఎందుకు?

నాకు జరిగినదే చెబుతాను. ఒక అమ్మకందారు దగ్గర ఎస్‌ఎఫ్‌ఎఫ్ కంప్యూటర్ తీసుకొన్నాను. విండోస్ చక్కగా నడిచింది, వారం రోజులు ఏ ఇబ్బందీ లేదు. కొత్త డిస్కు పెట్టి, పెన్‌డ్రైవ్ నుంచి బూట్ చేద్దామని బయోస్‌లోకి వెళితే అడ్మినిస్ట్రేటర్ పాస్‌వర్డ్ అడిగింది. అది పూర్వం ఆ కంప్యూటర్ ఉన్న ఆఫీసువారు పెట్టినది. అమ్మినవారికీ అది తెలియదు. మదర్‌బోర్డుపై ఉండే బ్యాటరీ తీసి పెడితే పోతుందని చాలామంది సలహా ఇచ్చారు, కానీ ఇప్పటి ఆఫీసు కంప్యూటర్లలో పాస్‌వర్డ్ కరెంటు లేకపోయినా చెరగని మెమరీలో ఉంటుంది కనుక ఆ చిట్కా పనిచేయలేదు. చివరికి సర్వీస్ మాన్యువల్‌లో వెతికితే మదర్‌బోర్డుపై పాస్‌వర్డ్ జంపర్ ఒకటుందని తెలిసింది, దానితో పని జరిగింది. అన్ని మోడళ్లకూ ఆ సదుపాయం ఉండదు.

దీనికంటే మొండి సమస్య ఇంకొకటుంది. కొన్ని సంస్థలు తమ కంప్యూటర్లను మైక్రోసాఫ్ట్ ఆటోపైలట్ అనే, సంస్థ కంప్యూటర్లను దానంతటదే సిద్ధం చేసే సేవలో నమోదు చేస్తాయి. ఆ నమోదు తొలగించకుండా అమ్మేస్తే, మీరు విండోస్‌ను కొత్తగా ఇన్‌స్టాల్ చేసి ఇంటర్నెట్‌కు కలిపిన వెంటనే ఆ సంస్థ పేరుతో లాగిన్ పేజీ వస్తుంది. ఎన్నిసార్లు ఫార్మాట్ చేసినా అది పోదు, ఎందుకంటే ఆ నమోదు ఉన్నది మీ డిస్కులో కాదు, మైక్రోసాఫ్ట్ సర్వర్లలో. దాన్ని పాత యజమాని సంస్థే తీయించాలి. హామీ కాలంలోనే విండోస్‌ను ఒకసారి కొత్తగా ఇన్‌స్టాల్ చేసి చూడమని నేను పట్టుబట్టేది ఇందుకే.

తెచ్చిన రోజు ఏమేం పరీక్షించాలి?

మొదట కరెంటు పెట్టకుండా మూత తెరిచి చూడండి. మదర్‌బోర్డుపై కెపాసిటర్ల నెత్తిన ఉబ్బు ఉందా, ఎక్కడైనా కాలిన మరక ఉందా, ప్రాసెసర్ మీది ఫ్యాన్ వేలితో తిప్పితే తేలికగా తిరుగుతోందా గమనించండి. తర్వాత ఆన్ చేసి బయోస్‌లో ప్రాసెసర్, ర్యామ్ వివరాలు ప్రకటనతో సరిపోయాయో లేదో చూడండి.

క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫోలో డిస్కు ఎన్ని గంటలు నడిచిందో తెలుస్తుంది. హార్డ్‌డిస్క్ అయితే రీఅలొకేటెడ్ సెక్టార్ల (పాడైనందువల్ల డిస్కు వాడకుండా పక్కన పెట్టిన భాగాల) లెక్క సున్నాగా ఉండాలి. హెచ్‌డబ్ల్యూఇన్ఫో అనే ప్రోగ్రాంతో వేడిమి చూస్తూ పావుగంట భారమైన పని పెట్టండి. రాత్రి పడుకొనేముందు ర్యామ్‌ను పరీక్షించే మెమ్‌టెస్ట్86 నడవనిచ్చి తెల్లారి చూడండి, ఒక్క తప్పు చూపినా ర్యామ్ మార్చి ఇమ్మని అడగాల్సిందే. ప్రతి యూఎస్‌బీ పోర్టులోనూ పెన్‌డ్రైవ్ పెట్టి చూడటం విసుగు పనే, అయినా చేయండి. ముందువైపు పోర్టులు రోజూ వాడటంవల్ల అరిగిపోయి ఉంటాయి.

అప్‌గ్రేడ్ మొదట ర్యామ్‌తో మొదలుపెట్టాలా, ఎస్‌ఎస్‌డీతోనా?

లోపల హార్డ్‌డిస్క్ ఉంటే ఎస్‌ఎస్‌డీయే మొదట, ఇందులో రెండో మాట లేదు. హార్డ్‌డిస్క్‌లో ఒక చిన్న ఫైలు వెతకడానికి లోపలి సూది కదిలి, పళ్లెం తిరిగి, సుమారు పది మిల్లీసెకన్లు పడుతుంది. ఎస్‌ఎస్‌డీకి అందులో వందో వంతు చాలు. విండోస్ మొదలయ్యేటప్పుడు చదివేది ఇలాంటి వేలాది చిన్న ఫైళ్లనే. "కంప్యూటర్ పాతబడింది, చాలా నెమ్మదిగా ఉంది" అని నా దగ్గరికి తెచ్చినవాటిలో చాలావాటికి ప్రాసెసర్‌తో పేచీ లేదు, డిస్కు మార్చగానే తేరుకొన్నాయి.

సాటా ఎస్‌ఎస్‌డీ తీసుకోవాలా, ఎన్‌వీఎంఈ తీసుకోవాలా?

మదర్‌బోర్డుపై ఎం.2 స్లాటు (సన్నని కార్డులాంటి డిస్కు దూరే చోటు) ఉండి, అది ఎన్‌వీఎంఈకి మద్దతిస్తే ఎన్‌వీఎంఈ తీసుకోండి. సాటా ఎస్‌ఎస్‌డీ సెకనుకు 550 ఎంబీ దగ్గర ఆగిపోతుంది, మూడో తరం పీసీఐ ఎక్స్‌ప్రెస్ (కార్డులను, డిస్కులను మదర్‌బోర్డుకు కలిపే మార్గం) నాలుగు లేన్లపై, అంటే సమాచారం పోయే నాలుగు దారులపై, మంచి ఎన్‌వీఎంఈ డిస్కు 3,500 ఎంబీ దాకా చదువుతుంది. రోజువారీ వాడుకలో ఆ తేడా అంత కనిపించదు. హార్డ్‌డిస్క్ నుంచి సాటా ఎస్‌ఎస్‌డీకి మారినప్పుడు కలిగే మార్పు ముందు ఇది చిన్నది. కాబట్టి స్లాటు లేకపోతే దిగులు పడకండి.

ఎం.2 స్లాట్లు రెండు ఉంటే జాగ్రత్తగా చూడండి. ఒకటి డిస్కు కోసం, రెండోది, పొట్టిగా ఉండేది, వైఫై కార్డు కోసం. వాటి గాట్లు వేర్వేరు చోట్ల ఉంటాయి, బలవంతంగా దూర్చితే విరుగుతుంది. ఎన్‌వీఎంఈ డిస్కును కాస్త ఏటవాలుగా లోపలికి జరిపి, కిందికి నొక్కిపట్టి, చివర చిన్న స్క్రూతో బిగించాలి. రీఫర్బిష్ చేసిన కంప్యూటర్లలో చాలాసార్లు ఆ స్క్రూయే ఉండదు, కొనేటప్పుడే అడిగి తీసుకోండి.

కొత్త ఎస్‌ఎస్‌డీ పెట్టాను, కానీ ఇన్‌స్టాలర్‌కు అది కనిపించడం లేదు. ఏం చేయాలి?

డిస్కు పాడైందని అనుకోవద్దు. బయోస్‌లో సాటా ఆపరేషన్ అనే చోట చూడండి. ఆఫీసు కంప్యూటర్లలో, ముఖ్యంగా ఆప్టిప్లెక్స్‌లలో, అది తరచుగా "రెయిడ్ ఆన్" అని ఉంటుంది. ఆ స్థితిలో లినక్స్ ఇన్‌స్టాలర్‌కు ఎన్‌వీఎంఈ డిస్కు కనిపించకపోవచ్చు. దాన్ని "ఏహెచ్‌సీఐ"కి మార్చి సేవ్ చేస్తే కనిపిస్తుంది. ఇన్‌స్టాల్ చేయడానికి ముందే ఈ మార్పు చేయాలి, అప్పటికే ఉన్న విండోస్‌పై ఏ ఏర్పాటూ లేకుండా మారిస్తే ఆ విండోస్ బూట్ కాదు. అదే సమయంలో బూట్ పద్ధతి లెగసీ (పాతది) అని ఉంటే యూఈఎఫ్‌ఐకి (కొత్తదానికి) మార్చండి, విండోస్ 11 అడిగే సెక్యూర్ బూట్ లెగసీలో పనిచేయదు.

ర్యామ్ ఎంత పెట్టాలి? ఏ రకం కొనాలి?

బ్రౌజర్, ఆఫీసు పనులు, ఆన్‌లైన్ తరగతులకు 16 జీబీ సరిపోతుంది. 8 జీబీతో విండోస్ 11 నడుస్తుంది గానీ ట్యాబ్‌లు పెరిగేకొద్దీ ఇరుకైపోతుంది. వర్చువల్ మెషీన్లు వాడేవారు 32 జీబీ గురించి ఆలోచించాలి.

ఎంత అన్నదానికంటే ఎన్ని ముక్కలుగా అన్నది తక్కువ ముఖ్యం కాదు. డీడీఆర్4-2666 ర్యామ్ ఒక్కటి పెడితే సెకనుకు సుమారు 21 జీబీ సమాచారం కదులుతుంది, రెండు ఛానళ్లలో రెండు పెడితే అది రెండింతలవుతుంది. విడిగా గ్రాఫిక్స్ కార్డు లేని కంప్యూటర్‌లో తెర మీది బొమ్మలకు కూడా ఈ ర్యామే ఆధారం కనుక ఆ తేడా స్పష్టంగా తెలుస్తుంది. 16 జీబీ ఒక్క ముక్క ఉన్నదానికంటే 8 జీబీవి రెండు ఉన్నది మేలు. వేర్వేరు వేగాల ర్యామ్‌లు కలిపితే రెండూ తక్కువ వేగంతోనే నడుస్తాయి, అంతకుమించి ప్రమాదమేమీ లేదు.

సర్వర్ల నుంచి తీసిన రిజిస్టర్డ్ ర్యామ్ చాలా చవకగా దొరుకుతుంది. అది ఈ కంప్యూటర్లలో పనిచేయదు.

బిగించేటప్పుడు ఒక మాట. ఒకసారి నేను రెండో ర్యామ్ పెట్టి బటన్ నొక్కితే తెరపై ఏమీ రాలేదు. పవర్ బటన్ దీపం నారింజ రంగులో రెండుసార్లు వెలిగి, ఆగి, మళ్లీ మూడుసార్లు వెలగసాగింది. మాన్యువల్ చూస్తే, ర్యామ్ కనిపించడం లేదని దాని అర్థం. తీసి వెలుతురులో పట్టుకొని చూస్తే బంగారు రంగు అంచున సన్నని గోధుమ రంగు పొర కనిపించింది. ఐసోప్రొపైల్ ఆల్కహాల్ అద్దిన గుడ్డతో తుడిచి, ఆరనిచ్చి, రెండు బొటనవేళ్లతో క్లిప్పు టక్కుమని పడేదాకా నొక్కాను. ఆన్ చేశాక దాదాపు నిమిషంపాటు తెర నల్లగానే ఉండి, తర్వాత మామూలుగా మొదలైంది. ర్యామ్ మార్చిన తర్వాత మొదటిసారి ఆ ఆలస్యం సహజం. కంగారుపడి మధ్యలో కరెంటు తీయకండి.

ప్రాసెసర్‌ను మార్చుకోవచ్చా?

కొంతవరకు వీలే గానీ, ఎక్కువమందికి అది గిట్టుబాటు కాదు. ఆరు నుంచి తొమ్మిదో జనరేషన్ దాకా సాకెట్ (ప్రాసెసర్ కూర్చొనే అమరిక) పేరు ఎల్‌జీఏ 1151 ఒకటే అయినా, ఆరు ఏడు జనరేషన్ల బోర్డుల్లో ఎనిమిది తొమ్మిది జనరేషన్ల ప్రాసెసర్లు పనిచేయవు. పేరు చూసి మోసపోయేది ఇక్కడే. ఎనిమిదో జనరేషన్ బోర్డులో ఐ3-8100 తీసి ఐ7-8700 పెట్టడం సాధ్యమే, అయితే ఆ మోడల్‌ను తయారీదారు ఆ ప్రాసెసర్‌తో అమ్మారో లేదో ముందుగా చూసుకొని, బయోస్ అప్‌డేట్ చేసుకోవాలి. మినీల్లో 35 వాట్ల కోసం చేసిన హీట్‌సింక్ (ప్రాసెసర్ వేడిని లాగే లోహపు భాగం) కింద 65 వాట్ల ప్రాసెసర్ పెట్టడం మంచిది కాదు. కావలసిన ప్రాసెసర్ ఉన్న కంప్యూటర్‌నే మొదట కొనుక్కోవడం దాదాపు ఎప్పుడూ చవక.

గ్రాఫిక్స్ కార్డు పెట్టి ఆటలు ఆడుకోవచ్చా?

ఒక హద్దు వరకు ఆడుకోవచ్చు, ఆ హద్దును నిర్ణయించేది ఎస్‌ఎంపీఎస్. ఎస్‌ఎఫ్‌ఎఫ్ కంప్యూటర్లలో అది సాధారణంగా 180 నుంచి 260 వాట్ల మధ్య ఉంటుంది, గ్రాఫిక్స్ కార్డుకు విడిగా ఇచ్చే కరెంటు తీగ ఉండదు. కాబట్టి కార్డు తనకు కావలసినదంతా స్లాటు నుంచే తీసుకోవాలి. పీసీఐ ఎక్స్‌ప్రెస్ ప్రమాణం ప్రకారం స్లాటు ఇవ్వగలిగే గరిష్ఠ పరిమితి 75 వాట్లు, కొన్ని చిన్న క్యాబినెట్లలో తయారీదారు దాన్ని ఇంకా తగ్గిస్తారు. మాన్యువల్‌లో ఆ సంఖ్య చూడకుండా కార్డు కొనవద్దు.

ఈ పరిమితిలో ఇమిడే కార్డులు ఉన్నాయి. ఎన్‌విడియా టీ1000 కార్డు 50 వాట్లు తీసుకొంటుంది, సగం ఎత్తులో, ఒకే స్లాటులో పడుతుంది. ఏఎండీ ఆర్ఎక్స్ 6400 కార్డుకు 53 వాట్లు చాలు, కానీ అది నాలుగు లేన్లే వాడుతుంది కనుక మూడో తరం స్లాటులో దాని వేగం కొంత తగ్గుతుంది, వీడియో ఎన్‌కోడర్ కూడా దానిలో లేదు. జీటీఎక్స్ 1650లో సగం ఎత్తువి దొరుకుతాయి, అవి మందంగా ఉండి రెండు స్లాట్ల చోటు ఆక్రమిస్తాయి కాబట్టి క్యాబినెట్‌లో స్కేలు పెట్టి కొలుచుకోండి.

ఎస్‌ఎంపీఎస్‌నే పెద్దది వేసుకొంటే సరిపోదా అని అడుగుతారు. ఆఫీసు బోర్డుల్లో మామూలు 24 పిన్నుల కనెక్టర్ బదులు తయారీదారు సొంత కనెక్టర్ ఉంటుంది. టవర్లలో మార్పిడి తీగ సాయంతో కొందరు మారుస్తారు, ఎస్‌ఎఫ్‌ఎఫ్‌లలో పెట్టె ఆకారమే వేరు. తీగలతో తంటాలు పడేంతగా ఆటలపై ఇష్టమున్నవారికి ఆఫీసు కంప్యూటర్ సరైన పునాది కాదని నేను మొదటే చెబుతాను. 4కే వీడియో ఎడిటింగ్‌ను వృత్తిగా చేసేవారికీ ఇదే మాట.

నా మానిటర్‌కు హెచ్‌డీఎంఐ ఉంది, కంప్యూటర్‌కు లేదు. ఎలా కలపాలి?

ఆఫీసు కంప్యూటర్లకు డిస్‌ప్లేపోర్ట్ ఎక్కువగా ఉంటుంది. డిస్‌ప్లేపోర్ట్ నుంచి హెచ్‌డీఎంఐకి వెళ్లే కేబుల్ కొనాలి. ఈ కేబుళ్లు ఒక దిశలోనే పనిచేస్తాయి, హెచ్‌డీఎంఐ నుంచి డిస్‌ప్లేపోర్ట్‌కు అని రాసినది ఇక్కడ పనికిరాదు. 4కే మానిటర్ ఉంటే నేరుగా డిస్‌ప్లేపోర్ట్‌తోనే కలపండి, 60 హెర్ట్జ్ వస్తుంది. ఎనిమిదో జనరేషన్ బోర్డులపై ఉండే మామూలు హెచ్‌డీఎంఐ పోర్టుతో 4కే వద్ద 30 హెర్ట్జ్ మాత్రమే వస్తుంది, మౌస్ బాణం ఆగి ఆగి కదులుతున్నట్టు అనిపిస్తుంది.

వైఫై లేదు. ఏం పెట్టుకోవాలి?

దగ్గర్లో రూటర్ ఉంటే నెట్‌వర్క్ కేబులే అన్నింటికంటే మంచిది. లేకపోతే యూఎస్‌బీ వైఫై చాలు. లోపలే బిగించాలనుకొంటే ఇంటెల్ ఏఎక్స్200 లేదా ఏఎక్స్210 కార్డు తీసుకోండి, దానితోపాటు యాంటెన్నా తీగలూ కావాలి. ఏఎక్స్201 అనేది పేరులో దగ్గరగా ఉన్నా అది కొన్ని ఇంటెల్ చిప్‌సెట్లతో మాత్రమే పనిచేసే రకం కనుక పొరపాటున కొనవద్దు.

ఫ్యాన్ మోత ఎక్కువగా ఉంది. పాతది కావడంవల్లనేనా?

చాలావరకు దుమ్మువల్ల, ప్రాసెసర్‌కూ హీట్‌సింక్‌కూ మధ్య ఉండే థర్మల్ పేస్ట్ ఎండిపోవడంవల్ల. హీట్‌సింక్ రెక్కల మధ్య దుమ్ము దుప్పటిలా పేరుకొని ఉంటుంది. ఫ్యాన్ రెక్కలను వేలితో పట్టుకొని గాలితో ఊదండి, లేకపోతే అది అదుపు లేకుండా తిరిగి బేరింగ్ పాడవుతుంది. హీట్‌సింక్ తీసేముందు పది నిమిషాలు కంప్యూటర్‌ను నడిపి, పేస్ట్ వెచ్చబడ్డాక ఆపి, ప్లగ్ తీసేసి, హీట్‌సింక్‌ను నెమ్మదిగా అటూ ఇటూ తిప్పుతూ తీయండి. పాత పేస్ట్‌ను ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో పూర్తిగా తుడిచి, మధ్యలో బఠాణీ గింజంత కొత్తది పెడితే చాలు. ఈ పని చేసిన తర్వాత కూడా భారమైన పనిలో వేడిమి 90 డిగ్రీలు దాటుతుంటే హీట్‌సింక్ సరిగా కూర్చోలేదని అర్థం.

విండోస్ లైసెన్స్ విడిగా కొనాలా?

ఈ కంప్యూటర్లు విండోస్ ప్రొఫెషనల్‌తో అమ్ముడై ఉంటే సాధారణంగా అక్కర్లేదు. విండోస్ 8 కాలం నుంచి తయారీదారులు లైసెన్స్ కీని మదర్‌బోర్డులోనే పొందుపరుస్తున్నారు. అదే ఎడిషన్‌ను కొత్తగా ఇన్‌స్టాల్ చేసి ఇంటర్నెట్‌కు కలిపితే దానంతటదే యాక్టివేట్ అవుతుంది. అలా కాకుండా సంస్థల వాల్యూమ్ లైసెన్స్ (ఒకేసారి అనేక కంప్యూటర్లకు తీసుకొనే లైసెన్స్) పద్ధతిలో యాక్టివేట్ చేసి అమ్మితే, కొన్న రోజున అంతా సవ్యంగానే కనిపించి, 180 రోజుల గడువు తీరాక యాక్టివేషన్ అడుగుతుంది. సెట్టింగ్స్‌లో యాక్టివేషన్ పేజీ తెరిచి, డిజిటల్ లైసెన్స్ అని ఉందా, సంస్థ యాక్టివేషన్ సేవ ప్రస్తావన ఉందా చూడండి. రెండోది ఉంటే తిరిగి ఇచ్చేయండి.

తేదీ, సమయం ప్రతిసారీ మారిపోతున్నాయి. పెద్ద లోపమా?

కాదు. మదర్‌బోర్డుపై ఉండే సీఆర్2032 బ్యాటరీ అయిపోయింది, నిమిషంలో మార్చేయవచ్చు. తేదీ తప్పుగా ఉంటే బ్రౌజర్ ప్రతి వెబ్‌సైట్‌నూ సురక్షితం కాదని చూపిస్తుంది కనుక వైరస్ అని భయపడేవారూ ఉన్నారు. మార్చాక బయోస్‌లో తేదీతోపాటు, మీరు ముందు మార్చిన సాటా, బూట్ అమరికలను కూడా మరోసారి సరిచూసుకోండి.

తీసేసిన పాత హార్డ్‌డిస్క్‌ను ఏం చేయాలి?

రీఅలొకేటెడ్ సెక్టార్లు సున్నాగా ఉంటే ఫొటోలు, వీడియోల రెండో కాపీకి వాడుకోవచ్చు, ఉన్న ఒక్క కాపీని మాత్రం దానిలో ఉంచకూడదు. వాడేముందు డిస్కు మొత్తాన్ని పూర్తి ఫార్మాట్ చేయండి, త్వరిత ఫార్మాట్‌తో పాత సమాచారం చెరగదు. పూర్వపు ఆఫీసువారి ఫైళ్లు ఏవైనా కనిపిస్తే తెరవకుండానే చెరిపివేయడం మర్యాద. సెక్టార్ల లెక్క పెరుగుతూ ఉన్న డిస్కును ఎవరికీ ఇవ్వకుండా ఎలక్ట్రానిక్ వ్యర్థాలు తీసుకొనేవారికి అప్పగించండి.